నేను కోసేసిన ఓడ కూత

మాస్టరింగ్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకి ముందుగా ఒక మాట. ఈ పనిలో మీకు పేరు రాదు. రికార్డు బాగుంటే పాడినవాడు అద్భుతంగా పాడాడంటారు. బాగులేకపోతే ఎవడో పాడుచేశాడంటారు. ఆ ఎవడో మీరే. కలకత్తాలో ఒక రికార్డు కంపెనీలో ముప్పై నాలుగేళ్లపాటు ఆ ఎవడోగా నేను జీతం తీసుకున్నాను, ఒక్కరోజు కూడా విసుగు పుట్టలేదు. డెబ్భై దాటాక ఇది రాస్తూ నాలో నేనే నవ్వుకుంటున్నానంటే, మొన్న చలికాలంలో జరిగినదాని హుషారు ఇంకా దిగలేదన్నమాట. అక్కడికి వస్తాను. ముందు పని సంగతి.

మరమరాల నూనె

స్టూడియోలోనో సభలోనో టేపు మీద పట్టిన పాటని తెచ్చి మా ముందు పెట్టేవారు. దాన్ని విని, హెచ్చుతగ్గులు సరిచేసి, అక్కర్లేనిది తీసేసి, రికార్డుకి రెండు వైపులా సరిపోయేలా అమర్చి, గాడిగా చెక్కడానికి సిద్ధం చెయ్యాలి. ఒక వైపు ఎంత ఎక్కువసేపు పాట పెడితే గాడి అంత సన్నబడుతుంది, శబ్దం అంత నీరసపడుతుంది. అందుకని ఎప్పుడూ ఏదో ఒకటి తగ్గించాల్సి వచ్చేది. ఇప్పుడు కంప్యూటర్లో మీట నొక్కితే తగ్గుతుంది. అప్పుడు టేపుని బ్లేడుతో కోసి అతికించేవాళ్లం. గడ్డం గీసుకునే బ్లేడే.

నేను కలకత్తా ఓడరేవు పక్కన వాట్‌గంజ్‌లో పుట్టాను. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాక్‌లో బస్తాలు మోసేవాడు. రేడియోలు విప్పి మళ్లీ బిగించడం వచ్చు కాబట్టి నన్ను కంపెనీలో హెల్పరుగా తీసుకున్నారు. నా పై అధికారి బిమల్ దా, దా అంటే బెంగాలీలో అన్న. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునేవాడు, చెవులకి చల్లగాలి తగిలితే తన బతుకు పోతుందని. చేరిన మొదటి వారం నాకు ఏ పనీ చెప్పలేదు. ఒక భజన పాట ఇచ్చి, రికార్డు చేసిన గదిలో ఫ్యాను తిరిగిందట, దాన్ని వెతికి పట్టుకోమన్నాడు. ఐదో రోజు పట్టుకున్నాను. ఆ తర్వాత మూడు నెలలు ఏ పాట విన్నా ఫ్యానే వినబడింది. మా ఆవిడతో పెళ్లిచూపుల్లో కూడా, ఆమె మాట వినకుండా పైన తిరిగే ఫ్యాను వింటూ కూర్చున్నాను. మొద్దబ్బాయనుకుని జాలిపడి ఒప్పుకుందట.

నాలుగు గంటలకి ఆఫీసంతా ఆవనూనె కలిపిన మరమరాలు తినేది. ఒకసారి నేను చెయ్యి కడుక్కోకుండా టేపు ముట్టుకున్నాను. రికార్డు బయటికి వచ్చాక చూస్తే, అమ్మవారి పాటలో సరిగ్గా రెండు క్షణాలు గాయని దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. బిమల్ దా తిట్టలేదు. చెంచా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏడాదిపాటు ఆఫీసంతా చేత్తో తింటుంటే నేను మరమరాలు చెంచాతో తిన్నాను.

ఆయన దగ్గర నేర్చుకున్నవి రెండే రెండు. కోసే ముందు మూడుసార్లు వినాలి. కోసిన ముక్కని పారెయ్యకూడదు. కోసిన ముక్కలన్నీ వరసగా అతికించి ఒక చక్రానికి చుట్టి, దాని మీద 'జంజాల్' అని రాసేవాడు. బెంగాలీలో చెత్త అని అర్థం. "మనం తీసేసింది కూడా మన పనే కదా జగ్గూ, ఎప్పుడైనా సంజాయిషీ అడిగితే చూపించాలి," అనేవాడు. శబ్దం కొలిచే మీటరు ముల్లు చూసి పాట బాగుందో లేదో చెప్పే అధికారుల కింద కూడా తర్వాత పనిచేశాను. అలాంటివాళ్ల దగ్గర జీతం తీసుకోండి, పని మాత్రం నేర్చుకోకండి.

చచ్చినవాడికి దోమలు

వాట్‌గంజ్‌లో మావాళ్లు ఏటా పద్యనాటకం వేసేవారు. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. ఇందులో సగం మాటలు, సగం హార్మోనియం మీద రాగం తీసి పాడే పద్యాలు. పద్యం నచ్చితే జనం 'వన్స్ మోర్' అని అరుస్తారు. నటుడు కథ అక్కడే ఆపి, అదే పద్యం మళ్లీ పాడాలి. ఆ సమయానికి కథలో ఎవరికి పెళ్లవుతున్నా, ఎవరి ప్రాణం పోతున్నా సరే, ఆగాల్సిందే.

ఖరగ్‌పూర్, టాటానగర్ తెలుగు పేటల్లో అమ్ముడవుతుందని మా కంపెనీ ఒక ఏడాది ఆ నాటకాన్ని జనం మధ్యనే రికార్డు చేయించింది. బిమల్ దా, నేను రెండు మైకులు పెట్టాం, ఒకటి వేదిక అంచున నేలకి దగ్గరగా, ఇంకొకటి జనం మధ్య వెదురు గడకి కట్టి.

డాక్ గుమాస్తా ఒకాయన రాసిన నాటకమది. రాజ్యం పోగొట్టుకున్న రాజు సముద్రపు ఒడ్డుకి చేరతాడు. మంత్రి రాజు ఒడిలో ప్రాణం విడుస్తాడు. దూరాన ఓడ పోతూ ఉంటుంది, రాజు దాన్ని పిలుస్తూ పద్యం పాడతాడు. రాజు వేషం సింహాచలం మావది. క్రేన్ డ్రైవరు, మా నాన్నకి ప్రాణ స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా నాకు మావే. మంత్రి వేషం పైడయ్యది.

మావ పద్యం పాడాడు. చక్కగా, శ్రుతి తప్పకుండా. 'వన్స్ మోర్' అన్నారు. రెండోసారి ఎత్తుకున్నాడు. నాలుగో పాదం చివర రాగం తీస్తుండగా డాక్‌లో నిజం ఓడ కూసింది. ఆ కూత అందుకుని మావ తన రాగాన్ని దాని మీదికి ఎక్కించాడు. హార్మోనియం ఆయన మెట్టు దొరక్క చేతులెత్తేశాడు. మావ ఓడతో పాటు పాడాడు, ఓడ ఆగాక కూడా పాడాడు. జనానికి పిచ్చెక్కిపోయింది. తువ్వాళ్లు గాల్లోకి లేచాయి. మళ్లీ 'వన్స్ మోర్'. మూడోసారి పద్యం పాడి, ఓడ కోసం డాక్ వైపు చెయ్యి చాచి ఆగాడు. ఓడ కుయ్యలేదు. అప్పుడు వెయ్యి మంది జనం నోటితో 'భోం' అని కూశారు. ఇంతసేపూ పైడయ్య చచ్చి పడుకునే ఉన్నాడు.

చక్కగా కోసినవాడు

ఇక నా తప్పు. ఇది దాచకుండా రాయాలనే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మరునాడు ఆఫీసులో టేపు పెట్టుకుని కూర్చున్నాం. అంతా ఒక రికార్డులో పట్టదు. "పద్యం మూడుసార్లుంది. ఏది ఉంచాలి? భాష నీది, నువ్వే చెప్పు," అన్నాడు బిమల్ దా. నేను మొదటిది ఉంచి, మిగిలిన రెండూ కోసేశాను. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో ఓడ మోత, ఈలలు, మీటరు ముల్లు ఎర్రగీత దాటి వణకడం. మూడోదాని సంగతి చెప్పక్కర్లేదు. అది పైకి చెప్పిన కారణం. అసలు కారణం సిగ్గు. ఆఫీసులో మఫ్లరు చుట్టుకుని కళ్లు మూసుకుని పాట వినే మనిషి పక్కన కూర్చుని, మావాళ్లు నోటితో ఓడ కూత కూస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

పద్యనాటకం ఎరిగిన ఎవడైనా చెప్తాడు, మొదటిసారి పాడేది కథ కోసం. జనం అడిగాక పాడేదే నటుడి అసలు పాట. నాకు ఇది పాలు తాగే వయసు నుంచి తెలుసు. తెలిసే కోశాను.

రికార్డు విన్నాక సింహాచలం మావ నా దగ్గరికి వచ్చి ఒక్క మాటే అన్నాడు. "ఇందులో నాను ఇంకా మొదలెట్టనే లేదు." పైవాళ్లు కొయ్యమన్నారని చెప్పాను. అబద్ధం. మావ తలాడించి, "అలాగేనండి ఇంజనీరు గారూ," అన్నాడు. పుట్టినప్పటి నుంచి నన్ను ఒరే జగ్గా అని పిలిచిన మనిషి. ఆ రోజు నుంచి నలభై ఏళ్లకి పైగా నేను ఆయనకి ఇంజనీరు గారినే. మా నాన్న పోయినప్పుడు వచ్చి పాడె మోశాడు, నాతో మాత్రం "ధైర్యంగా ఉండండి ఇంజనీరు గారూ" అన్నాడు. అంతకంటే చెంపదెబ్బ నయమనిపించింది.

హారిక

కంపెనీ మూతపడ్డాక టేపులన్నీ పాత సామానువాడికి పోతుంటే కొన్ని చక్రాలు సంత్రాగాఛిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. మంచం కింద పెట్టాను. బూజు వాసనకి మా ఆవిడ తిట్టని వారం లేదు.

మొన్న చలికాలానికి కాస్త ముందు హారిక ఫోన్ చేసింది. వరంగల్ అమ్మాయి, సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఖాళీ వేళల్లో పాత రికార్డుల్ని మందపాటి కొత్త వినైల్ మీద, ఖరీదైన ప్లేయర్లున్న శ్రోతల కోసం మళ్లీ తెస్తుంది. ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లో మా నాటకం రికార్డు దొరికిందట, దాని వెనక నా పేరు చిన్న అక్షరాల్లో ఉందట.

"అంకుల్, సౌండ్ మస్తున్నది. కానీ ఆ ఓడ పద్యం అయిపోంగనే చప్పట్లు మొదలైతయ్, జనం ఏదో అడగబోతరు, అంతల్నే మెల్లగ మాయమైతది. ఏం అడిగిన్రు?"

అంత సన్నగా చప్పట్లు తగ్గించానని నేను ఎంత గర్వపడ్డానో! నలభై ఏళ్ల తర్వాత ఒక పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని దొంగతనం పట్టేసింది. ఆ క్షణంలో నాకు వచ్చింది భయం కాదు, ఎగిరి గంతెయ్యాలన్నంత సంబరం. మంచం కింద దూరాను. బిమల్ దా చేతిరాతతో 'జంజాల్' చక్రం దొరికింది.

ముందు వాట్‌గంజ్ వెళ్లాను. మావకి ఎనభై తొమ్మిది. ఒక చెవి పూర్తిగా పోయింది, రెండో చెవి కూడా నెలనెలకీ తగ్గుతోందట. ఆ చెవి ఉండగానే ఆయన అసలు పాట ఆయనకి వినిపించాలి. నా కోరిక అంతే, నా తొందర కూడా అదే. ముందు నిజం చెప్పాను, ఎవరూ కొయ్యమనలేదు మావా, నేనే కోశానని.

"తెలుసండి," అన్నాడు. "ఆ బెంగాలీ బాబుకి మన పద్యం ఎక్కడ మొదలవుద్దో, ఎక్కడ ఆగుద్దో ఏటి తెలుసండి? అంత సక్కగా కోసినోడు మనోడే అవ్వాల."

పని చక్కగా చెయ్యడం వల్లే దొరికిపోయినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

"మళ్లీ ఏస్తారేటి? అయితే ఈల ఒక్కటి కూడా తియ్యకండి. ఇనబడినంతకాలం ఇనుకుంటాను."

రెండు వారాలు దూదితో టేపు అంగుళం అంగుళం తుడిచాను. చెంచాతో తినే అలవాటు మళ్లీ వచ్చింది. జంజాల్‌లో ముక్కలు కోసిన వరసలో ఉన్నాయి కానీ నాటకం వరసలో లేవు. ఒక ముక్క తలకిందులుగా అతికి ఉంది, ఆ ముక్కలో రాణి ఏడుపు వెనక్కి నడిచి నవ్వులా వినబడింది. రెండో పద్యం, మూడో పద్యం మాత్రం గీత పడకుండా ఉన్నాయి.

హారిక కంప్యూటరులో శబ్దాల్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేరుంది. టేపు ఎక్కించగానే అది చేసిన మొదటి పని, ఓడ కూతని చెత్త అనుకుని తీసెయ్యడం. నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చేసిన తప్పు, అది రెండు క్షణాల్లో చేసింది. పకపకా నవ్వాను. నాకు తోడు దొరికింది.

హారిక మాత్రం నవ్వలేదు. "అంకుల్, నా కస్టమర్లు క్లీన్ సౌండ్ కోసం కొంటరు. గీ ఈలలు, కూతలు పెడితే రికార్డు వాపస్ పంపిస్తరు. పైగా రెండు రికార్డులైతది. ఒక్క పద్యం చాలు కదా?"

"ఏది చాలో నువ్వే చెప్పమ్మా," అని హెడ్‌ఫోన్లు పెట్టి రెండో పద్యం వినిపించాను. విన్నది. ఓడ కూసింది. కళ్లు పెద్దవయ్యాయి. అంతలో ముందుకి వంగి, చెవులు రిక్కించి, "ఎవరో గొణుగుతున్నరు," అంది. నేల దగ్గర పెట్టిన మైకు పట్టిన గొంతు అది, నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ వినలేదు. శబ్దం పెంచాం. చచ్చి పడుకున్న పైడయ్య, "బేగి ముగించరా సింహాలూ, దోమలు పీకీస్తన్నాయి," అంటున్నాడు.

హారిక కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. కళ్లు తుడుచుకుని ఆ పద్యాన్ని మొదటి నుంచి మళ్లీ పెట్టుకుంది. విన్నాక ఇంకోసారి పెట్టుకుంది.

"చూశావా, నువ్వూ అడిగావు," అన్నాను.

"రెండు రికార్డులే తీద్దాం అంకుల్. వాపస్ పంపితే పంపనీ," అంది. నా ఆఖరి బాసు ఈ పిల్లే. నేను చూసిన బాసులందరిలో బిమల్ దా తర్వాత స్థానం ఈమెదే. చెవి మాట విని నిర్ణయం మార్చుకునే బాసు దొరికితే వదలకండి.

టెస్ట్ రికార్డు

ఫ్యాక్టరీ నుంచి పరీక్ష కోసం వచ్చిన మొదటి ప్రతిని ఆదివారం పొద్దున వాట్‌గంజ్ సందులోకి పట్టుకెళ్లాం. క్లబ్బు గది ముందు బల్ల వేసి, హారిక తన ఖరీదైన ప్లేయరు పెట్టింది. బల్ల ఊగుతుంటే ఒక కాలు కింద పేపరు మడిచి తోశాం. సందంతా వచ్చింది. తెలుగు రాని కోడళ్లు, తెలుగు చదవలేని మనవలు, పక్క సందు బిహారీలు, చేపల బుట్టతో వెళ్తూ ఆగిపోయిన ఒక బెంగాలీ ఆయన. సింహాచలం మావని ప్లాస్టిక్ కుర్చీలో, పనిచేసే చెవి స్పీకరు వైపు ఉండేలా కూర్చోబెట్టారు.

మొదటి పద్యం వచ్చింది. మావ ముఖంలో ఏమీ కదల్లేదు. రికార్డులో జనం అడిగారు. రెండోది మొదలైంది. ఓడ కూయగానే మావ చెయ్యి దానంతటదే పైకి లేచింది. పెదవులు కదిలాయి. ఆ వెంటనే, ఎప్పుడో పోయిన పైడయ్య గొణిగాడు. వెనక వరసలో ఆయన భార్య పార్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా ముసిలోడే! సచ్చి పడుకున్నా నోరు ముయ్యలేదు సూడండి," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. పక్కనున్న ఆడవాళ్లు ఆమెని పట్టుకుని ఊగిపోతూ నవ్వారు.

మూడో పద్యం తర్వాత రికార్డులో వెయ్యి మంది 'భోం' అన్నారు. సందులో మనవలు, కోడళ్లు, బిహారీలు, చేపల ఆయన, అందరూ వాళ్లతో పాటు కూశారు. నేను కూడా కూశాను, అందరికంటే గట్టిగా, మఫ్లరు మనిషి పక్కనున్నా కూసేవాణ్ణే. కూత ఆగగానే సందంతా ఒక్క గొంతుతో 'వన్స్ మోర్' అంది.

సూది ఎత్తి మళ్లీ మొదట్లో పెడదామని చెయ్యి చాపాను. మావ నా మణికట్టు పట్టుకున్నాడు. క్రేన్ తిప్పిన చెయ్యి, ఇంకా గట్టిగానే ఉంది.

"ఆగండి ఇంజనీరు గారూ. ఆల్లడిగింది ఈ మిసన్ని కాదు."

కుర్చీ ఆనుకుని లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. హార్మోనియం లేదు, ఏమీ లేదు. మొదటి పాదం గరగరలాడింది. రెండో పాదానికి గొంతు తెరుచుకుంది. మూడో పాదంలో ఊపిరి కోసం రెండుసార్లు ఆగాడు. నాలుగో పాదం రాలేదు. నోరు తెరిచాడు, మాట దొరకలేదు. చుట్టూ చూసి, చివరికి నా వైపు చూశాడు.

ఆ రెండు నెలల్లో ఆ పాదాన్ని నేను కొన్ని వందలసార్లు విన్నాను. జన్మలో ఎప్పుడూ పాడలేదు. అయినా నోరు తెరిచాను. పాదం మొత్తం పాడేశాను, ఆ ఊపులో చివర రాగం కూడా తీశాను. ఆ రాగం ఎటు బయలుదేరి ఎక్కడ తేలిందో నాకే తెలియదు. హారిక రెండు చేతులతో చెవులు మూసుకుంది.

మావ నా మణికట్టు ఇంకా వదల్లేదు. బోసి నోరంతా తెరిచి, భుజాలు కుదిపేస్తూ నవ్వాడు, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. తర్వాత రెండో చెయ్యి నా నెత్తిన వేశాడు.

"నీకు బ్లేడే నయంరా జగ్గా," అన్నాడు.